సిడ్ చేతిలో నలిగాకే

డెబియన్ వేసుకున్నాను గానీ అన్నీ పాత వెర్షన్లే ఉన్నాయేంటి తాతయ్యా అన్నావు కదరా. ఇలా కూర్చో, చెబుతాను.

1993 ఆగస్టులో ఇయాన్ మర్డాక్ అనే అమెరికా విద్యార్థి మొదలుపెట్టాడు ఈ ఆపరేటింగ్ సిస్టమ్‌ను. విడుదలలకు ‘టాయ్ స్టోరీ’ సినిమాల పాత్రల పేర్లు పెడతారు: బజ్, వుడీ, బుక్‌వార్మ్, 2025 ఆగస్టులో వచ్చిన ట్రిక్సీ. ఆ పేర్లు మొదలైన రోజుల్లో డెబియన్‌ను నడిపించిన బ్రూస్ పెరెన్స్ పిక్సార్‌లో పనిచేసేవాడులే. విడుదల విడుదలకీ పేరు మారుతుంది గానీ, సిడ్ మాత్రం ఎప్పటికీ సిడ్డే. సినిమాలో బొమ్మల్ని విరగ్గొట్టే పక్కింటి పిల్లాడు గుర్తున్నాడా? ‘అన్‌స్టేబుల్’ శాఖకు వాడి పేరు పెట్టారు.

కొత్త వంగడం వచ్చిందని రైతు పొలమంతా ఒకేసారి చల్లేయడు. ముందు ఓ మడిలో వేసి తెగులూ దిగుబడీ చూసుకుంటాడు. ఇక్కడ ఆ మడి సిడ్. కొత్త ప్యాకేజీ, అంటే సాఫ్ట్‌వేర్ మూట, మామూలుగా ముందు అందులోకే వస్తుంది. కొన్నాళ్లు గడిచాక, పెద్ద బగ్గులేవీ బయటపడకపోతే, అది ఆధారపడే ప్యాకేజీలన్నీ కుదిరితే, ‘టెస్టింగ్’కు వెళుతుంది. విడుదల దగ్గరపడగానే ‘ఫ్రీజ్’ అంటారు. ఇక కొత్తవి రావు, ఉన్నవాటి తప్పులు దిద్దడమే. అది తేలేదాకా విడుదల లేదు. 2002లో వుడీ వచ్చాక తర్వాతి విడుదల సార్జ్ రావడానికి దాదాపు మూడేళ్లు పట్టింది!

విడుదలయ్యాక అదే ‘స్టేబుల్’. అందులో ఏదైనా భద్రతా లోపం బయటపడితే, సాధారణంగా కొత్త వెర్షన్ తెచ్చిపెట్టరు. ఆ దిద్దుబాటు ఒక్కటే తీసి పాత వెర్షన్‌లో అతుకుతారు. కాబట్టి నంబరు పాతదిగా కనబడినా చిల్లు పూడి ఉంటుంది. ఎంత ఓపిక కావాలిరా ఆ పనికి! డెబియన్‌కు పనిచేసేవాళ్లలో ఎక్కువమంది స్వచ్ఛందంగా చేసేవాళ్లే.

2024 మార్చిలో జరిగింది విను. సిడ్ నడుస్తున్న తన యంత్రంలోకి దూరం నుంచి ప్రవేశించే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు గమనించాడు. అర సెకనే కదా అని వదిలేయలేదు. తవ్వుకుంటూ పోతే, ఫైళ్లను కుదించే ‘ఎక్స్‌జెడ్’ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి బయటపడింది. ఎవరో మారుపేరుతో రెండేళ్లకు పైగా ఆ ప్రాజెక్టులో నమ్మకం సంపాదించి పెట్టిన దారి అది. అప్పటికే సిడ్‌లోకీ టెస్టింగ్‌లోకీ చేరిపోయింది. స్టేబుల్‌లో మాత్రం అడుగుపెట్టలేదు. లోకంలో ఎన్ని సర్వర్లు డెబియన్ స్టేబుల్ మీద నడుస్తున్నాయో తలుచుకుంటే నాకిప్పటికీ గుండె ఝల్లుమంటుంది. కొత్తవాటిని ముందే నెత్తిన వేసుకునే సిడ్ వాడుకరులంటే అందుకే నాకంత గౌరవం.

నీ చదువుకు వాడే ల్యాప్‌టాప్‌లో స్టేబులే ఉండనీ. సిడ్ చూడాలని మనసైతే వర్చువల్ మెషిన్‌లో వేసుకో. ఏదైనా విరిగితే ‘రిపోర్ట్‌బగ్’ అనే ప్రోగ్రాం ఉంది. ఏం చేస్తే విరిగిందో అందులో వివరంగా రాసి పంపు.