యూఎంఎల్ బొమ్మలు రికార్డ్ బుక్ కోసమేనా? మోడల్ నుంచే కోడ్ తీసే ఫ్రీ టూల్స్ ఇవే!

బీటెక్ ప్రాజెక్ట్ అంటే చాలామందిది ఒకటే వరస. ముందు కోడ్ రాసేస్తారు. అది ఎలాగోలా రన్ అయ్యాక, సబ్మిషన్‌కు రెండ్రోజుల ముందు కూర్చుని యూఎంఎల్ డయాగ్రమ్స్ గీస్తారు. క్లాస్ డయాగ్రమ్, యూజ్ కేస్, సీక్వెన్స్.. అన్నీ డాక్యుమెంట్‌లో పేస్ట్ చేసి స్పైరల్ బైండింగ్ చేయిస్తే పనైపోయినట్టే. తర్వాత కోడ్ ఎంత మారినా ఆ బొమ్మ మాత్రం మారదు. అందుకే "డయాగ్రమ్స్ టైమ్ వేస్ట్" అనే మాట క్లాసులో గట్టిగానే వినిపిస్తుంది.

కానీ దీన్ని తిరగేసి చూస్తే? బొమ్మ ముందు, కోడ్ తర్వాత. అది కూడా చేత్తో రాసే కోడ్ కాదు, బొమ్మ నుంచి టూల్ తయారు చేసే కోడ్. దీన్నే మోడల్-డ్రివెన్ సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ అంటారు. ఇందులో వాడే మంచి టూల్స్‌లో చాలావరకు ఓపెన్ సోర్స్‌లోనే, పూర్తిగా ఉచితంగా దొరుకుతున్నాయి. అవేంటో, ఎలా పనిచేస్తాయో ఓ లుక్కేద్దాం.

మీ ఫోన్‌లోనే ఉంది ఈ ఐడియా

ఆండ్రాయిడ్‌లో ఒక యాప్ ఇంకో ప్రాసెస్‌లో నడిచే సర్వీస్‌తో మాట్లాడాలంటే, డెవలపర్ ఏఐడీఎల్ అనే చిన్న ఫైల్ రాస్తాడు. అందులో ఉండేది "ఈ సర్వీస్‌ను ఏమేం అడగొచ్చు, ఏం తిరిగొస్తుంది" అనే వివరం మాత్రమే. డేటాను ప్యాక్ చేసి అవతలికి పంపే కోడ్ మొత్తాన్ని బిల్డ్ టూలే జనరేట్ చేస్తుంది.

2017లో ఆండ్రాయిడ్ 8తో వచ్చిన ప్రాజెక్ట్ ట్రెబుల్ గుర్తుందా? చిప్ కంపెనీల కోడ్‌ను, ఆండ్రాయిడ్ సిస్టమ్‌ను విడదీసి అప్‌డేట్స్ త్వరగా రావడానికి చేసిన మార్పు అది. ఆ రెంటి మధ్య గీతను మొదట హెచ్ఐడీఎల్ అనే భాషలో రాశారు, తర్వాత ఏఐడీఎల్‌కు మారుతూ వచ్చారు. అక్కడా పద్ధతి అదే: ఇంటర్‌ఫేస్ వివరం మనిషి రాస్తాడు, దాన్నుంచి కోడ్ మెషీన్ తీస్తుంది.

మోడల్-డ్రివెన్ పద్ధతి ఇదే ఐడియాను ఒక్క ఇంటర్‌ఫేస్‌కు కాకుండా మొత్తం సాఫ్ట్‌వేర్‌కు అప్లై చేస్తుంది.

అసలు మోడల్ అంటే?

ఫోన్లను పోల్చి చూపించే యాప్ ఒకటి చేస్తున్నారనుకోండి. "ఫోన్‌కు పేరు, ధర, బ్యాటరీ ఉంటాయి. ప్రతి ఫోన్ ఒక బ్రాండ్‌కు చెందుతుంది." ఇది మీ మోడల్. "క్లాస్ అంటే ఏంటి, దానికి ఎలాంటి ఫీల్డ్స్ ఉండొచ్చు, ఒక క్లాస్ ఇంకోదానికి ఎలా లింక్ అవుతుంది" అని చెప్పేది మెటామోడల్. అంటే మోడల్ రాయడానికి కావాల్సిన గ్రామర్ అన్నమాట.

ఇప్పుడు యాప్‌లో చార్జింగ్ వాట్స్ అనే ఫీల్డ్ కొత్తగా పెట్టాలి. మామూలుగా అయితే డేటాబేస్ టేబుల్, జావా క్లాస్, జేసన్ పార్సర్, అడ్మిన్ ఫామ్.. ఇలా నాలుగు చోట్ల మార్చాలి. ఒక్కటి మర్చిపోయినా స్క్రీన్ మీద ఖాళీ గడి కనిపిస్తుంది, లేదా యాప్ క్రాష్ అవుతుంది. మోడల్ ఉంటే అక్కడ ఒక్క లైన్ చేర్చి జనరేట్ కొడితే చాలు, మిగతా నాలుగూ దాన్నుంచే వస్తాయి.

ఇదంతా ఎప్పుడు మొదలైంది?

యూఎంఎల్‌ను 1997లో ఆబ్జెక్ట్ మేనేజ్‌మెంట్ గ్రూప్ స్టాండర్డ్‌గా తీసుకుంది. అదే సంస్థ 2001లో మోడల్-డ్రివెన్ ఆర్కిటెక్చర్ అనే ప్లాన్‌ను ముందుకు తెచ్చింది. అప్పట్లో రేషనల్ రోజ్ లాంటి పెయిడ్ టూల్స్‌దే హవా. అదే 2001లో ఐబీఎం ఎక్లిప్స్‌ను ఓపెన్ సోర్స్ చేయడంతో సీన్ మారింది. దాని మీద ఒక్కొక్కటిగా ఫ్రీ మోడలింగ్ టూల్స్ పుట్టుకొచ్చాయి.

తెలుసుకోవాల్సిన టూల్స్

ఈఎంఎఫ్: ఎక్లిప్స్ మోడలింగ్ ఫ్రేమ్‌వర్క్. ఈ ఫ్యామిలీ మొత్తానికి పునాది ఇదే. ఈకోర్ అనే మెటామోడల్‌తో మీ క్లాసులు, ఫీల్డ్స్, లింకులు రాస్తారు. దాన్నుంచి జావా కోడ్‌తో పాటు డేటా ఎంటర్ చేయడానికి ఒక ట్రీ ఎడిటర్ కూడా రెడీగా వస్తుంది.

ఎక్స్‌టెక్స్ట్: సొంతంగా ఒక చిన్న భాష తయారు చేసుకోవాలంటే ఇది బెస్ట్. గ్రామర్ రాసిస్తే పార్సర్, కలర్ హైలైటింగ్, ఆటో కంప్లీట్, తప్పుల కింద ఎర్ర గీత ఉన్న ఎడిటర్ అన్నీ ఇచ్చేస్తుంది.

సిరియస్: టెక్స్ట్ కాదు, బొమ్మలే కావాలి అనేవాళ్లకు. మీ మోడల్‌కు సరిపోయే డయాగ్రమ్ ఎడిటర్‌ను దీంతో తయారు చేసుకోవచ్చు. ఫ్రాన్స్‌కు చెందిన ఒబియో, థేల్స్ కంపెనీల పని ఇది.

యాక్సిలియో: మోడల్ నుంచి టెక్స్ట్ తీసే టెంప్లేట్ టూల్. ఈఎంఎఫ్ సొంతంగా ఇచ్చేది జావా మాత్రమే. ఎస్‌క్యూఎల్, హెచ్‌టీఎంఎల్, ఇంకేదైనా కావాలంటే టెంప్లేట్ మీరే రాసుకోవాలి.

ఎప్సిలాన్: బ్రిటన్‌లోని యార్క్ యూనివర్సిటీలో పుట్టింది. మోడల్‌ను చెక్ చేయడం, ఒక మోడల్‌ను ఇంకో మోడల్‌గా మార్చడం, కోడ్ తీయడం.. ఒక్కో పనికి ఒక్కో చిన్న భాష ఉంటుంది. "ధర సున్నా కంటే ఎక్కువే ఉండాలి" లాంటి రూల్స్‌ను ఇందులో పెట్టొచ్చు.

పాపిరస్, కాపెల్లా: పాపిరస్ పూర్తి స్థాయి యూఎంఎల్, సిస్‌ఎంఎల్ ఎడిటర్. కాపెల్లాను థేల్స్ తన సొంత అవసరాల కోసం చేసుకుని తర్వాత ఓపెన్ సోర్స్ చేసింది. సాఫ్ట్‌వేర్, హార్డ్‌వేర్ కలిసిన పెద్ద పెద్ద సిస్టమ్స్ డిజైన్ కోసం ఇది.

ఎంపీఎస్: జెట్‌బ్రెయిన్స్ నుంచి. ఇందులో టెక్స్ట్ ఫైల్‌ను కాదు, నేరుగా ప్రోగ్రామ్ ట్రీనే ఎడిట్ చేస్తారు. అందుకే కోడ్ మధ్యలో టేబుల్, గణిత సూత్రం కూడా పెట్టొచ్చు. అలవాటు పడటానికి మాత్రం టైమ్ పడుతుంది.

లాంగియం: ఎక్స్‌టెక్స్ట్ చేసే పనినే టైప్‌స్క్రిప్ట్‌లో చేస్తుంది. వీఎస్ కోడ్‌లో, బ్రౌజర్‌లో నడుస్తుంది. జావా వద్దనుకునే వాళ్లకు ఇదే సరైన దారి.

మైనస్‌లు కూడా ఉన్నాయి

మొదటిది, జనరేట్ అయిన కోడ్‌లో చెయ్యి పెడితే చిక్కే. ఈఎంఎఫ్ ప్రతి మెథడ్ పైన కామెంట్‌లో జనరేటెడ్ అనే ట్యాగ్ పెడుతుంది. ట్యాగ్ అలాగే ఉంచి లోపల కోడ్ మార్చితే, తర్వాతిసారి జనరేట్ కొట్టగానే మీరు రాసింది మాయం! ఆ ట్యాగ్ పక్కన నాట్ అని చేరిస్తే మీ కోడ్ జోలికి రాదు. ఈ ఒక్క విషయం తెలిస్తే చాలా తలనొప్పి తప్పుతుంది.

రెండోది, టీమ్ వర్క్. ఈఎంఎఫ్ మోడల్స్ మామూలుగా ఎక్స్‌ఎంఐ ఫైల్స్‌గా సేవ్ అవుతాయి. ఇద్దరు ఒకే మోడల్‌ను మార్చి గిట్‌లో మెర్జ్ చేస్తే ఆ ఎక్స్‌ఎంఎల్ గందరగోళాన్ని చదవడం కష్టం. దీనికోసం ఈఎంఎఫ్ కంపేర్ అనే టూల్ ఉంది. లేదా మోడల్‌ను టెక్స్ట్ భాషలోనే రాసుకుంటే గిట్‌తో గొడవే ఉండదు.

మూడోది, ప్రతిదానికీ ఇది అక్కర్లేదు. వారంలో అయిపోయే చిన్న యాప్‌కు మెటామోడల్, టెంప్లేట్స్ అంటూ కూర్చుంటే అసలు పని కంటే కొసరు ఎక్కువవుతుంది. ఒకే రకం కోడ్ పదే పదే రాయాల్సి వచ్చినప్పుడే దీని అసలు లాభం.

ఏఐ కోడ్ రాస్తుంటే ఇది ఎందుకు?

మంచి డౌటే. ఏఐకి ఒకే ప్రాంప్ట్ రెండుసార్లు ఇస్తే రెండు రకాల కోడ్ రావొచ్చు. జనరేటర్ అలా కాదు. అదే మోడల్, అదే టెంప్లేట్ ఇస్తే ఎన్నిసార్లు అడిగినా అదే కోడ్. టెంప్లేట్‌లో తప్పుంటే ఒక్కచోట సరిచేస్తే అన్నిచోట్లా సరవుతుంది.

ఈ రెండింటినీ కలిపి కూడా వాడొచ్చు. ఏఐతో వెయ్యి లైన్ల కోడ్ రాయించి అంతా చదివే బదులు, మీ చిన్న భాషలో ముప్పై లైన్ల మోడల్ రాయించండి. దాన్ని మీ రూల్స్ చెక్ చేస్తాయి, మీరూ రెండు నిమిషాల్లో చదివేయొచ్చు. కోడ్ తీసే పని జనరేటర్‌కు వదిలేయండి.

ఎక్కడ మొదలుపెట్టాలి?

జావా వచ్చిన వాళ్లు ఎక్లిప్స్ సైట్ నుంచి ఎక్లిప్స్ మోడలింగ్ టూల్స్ ప్యాకేజీ డౌన్‌లోడ్ చేసుకోండి. ఈకోర్‌లో మూడు నాలుగు క్లాసులు పెట్టి జనరేట్ చేసి చూడండి. జావాస్క్రిప్ట్, టైప్‌స్క్రిప్ట్ వాడేవాళ్లు వీఎస్ కోడ్‌లో లాంగియంతో మొదలుపెట్టండి.

ఫైనల్ ఇయర్‌లో ఉన్నవాళ్లకు ఒక మాట. ఈసారి క్లాస్ డయాగ్రమ్‌ను చివర్లో కాకుండా మొదట్లోనే ఈకోర్‌లో గీయండి. ప్రాజెక్ట్ కోడ్‌లో కొంతైనా దాన్నుంచే తీయండి. వైవాలో "ఈ డయాగ్రమ్‌కు, మీ కోడ్‌కు సంబంధం ఏంటి?" అని అడిగితే మోడల్‌లో ఒక ఫీల్డ్ చేర్చి, అక్కడికక్కడే జనరేట్ కొట్టి చూపించొచ్చు.