నయము కాని వ్యాధిలోను బాధను నివారింపవచ్చును

వృద్ధులైన పురుషులు రాత్రివేళ పలుమార్లు మూత్రమునకు లేచుట, ధార సన్నగిలుట వంటి ఇబ్బందులను వయోధర్మమని భావించి, సిగ్గుచే ఇంటివారికైనను చెప్పక దాచుకొందురు. అనేకులలో ఇవి కాన్సరు లక్షణములు కావు. వయసుతో ప్రోస్టేటు గ్రంథి పెరుగుటవలన కలుగును. అయినను కొందరిలో, మూత్రాశయము క్రింద నుండు ఈ గ్రంథికి సోకిన కాన్సరు ఇట్లే దాగియుండి, నడుము, తుంటి ఎముకలకు ప్రాకిన పిమ్మట బయటపడును. అట్టి తండ్రికి సంతానము ఏమి చేయవలెనో, పంచాయతీ సభ్యులు ఎట్లు తోడ్పడవలెనో తెలిసికొనుట అవసరము.

చికిత్స కలదు

ఎముకలకు ప్రాకిన కాన్సరును సంపూర్ణముగా నయము చేయుట సాధారణముగా సాధ్యము కాదు. అంతమాత్రమున ఇక చేయదగినది లేదని రోగిని ఇంటికి తెచ్చి మంచమునకు వదలివేయుట తగదు. ఈ కాన్సరు పురుష హార్మోనుపై ఆధారపడి పెరుగునని చార్లెస్ హగ్గిన్స్ అను వైద్యుడు 1941లో నిరూపించెను. ఆ కృషికి ఆయనకు 1966లో నోబెల్ బహుమతి లభించినది. ఆ హార్మోనును అణచుటకు నెలకో, మూడు నెలలకో ఒక సూదిమందు ఇత్తురు. లేదా వృషణములను తొలగించు చిన్న శస్త్రచికిత్స చేయుదురు. ఈ శస్త్రచికిత్స ఒకమారు చేసిన చాలును గనుక, మాటిమాటికి పట్టణమునకు పోలేని కుటుంబములకు అనుకూలము. ఏ పద్ధతిలోనైనను ఒంటికి ఆవిరులు వచ్చుట, నీరసము, ఎముకల బలహీనత, లైంగికశక్తి తగ్గుట కలుగవచ్చును. కావున నిర్ణయము రోగిదే కావలెను. ఆయనను అడుగక కుమారులే నిశ్చయించుట ధర్మము కాదు. ఈ చికిత్సతో అనేకులు కొన్ని సంవత్సరములు ఇంట తిరుగాడుచు జీవింపగలుగుచున్నారు.

నొప్పిని ఓర్చుకొననక్కరలేదు

ఎముక నొప్పియున్న చోట ఒక్కమారు రేడియేషన్ ఇచ్చినను పలువురికి ఉపశమనము కలుగును. మార్ఫిన్ మాత్రలు వ్యసనమగునని కొందరు భయపడుదురు. వైద్యుడు చెప్పిన మోతాదులో నొప్పి కొరకు వాడువారికి వ్యసనమగుట అరుదు. నొప్పి హెచ్చువరకు ఆగక, చెప్పిన వేళకే ఇయ్యవలెను. మలబద్ధకము కలుగును గనుక దానికి మందు ముందుగనే అడిగి తెచ్చుకొనవలెను.

వీపునొప్పి హఠాత్తుగా హెచ్చినను, కాళ్లు తిమ్మిరెక్కి బలము తగ్గినను, మలమూత్రములపై అదుపు తప్పినను, మూత్రము పూర్తిగా బిగిసినను ఆ దినమే 108 వాహనమును పిలిచి ఆసుపత్రికి చేర్చవలెను. వెన్నుపాముపై ఒత్తిడి పడినప్పుడు చేయు ఆలస్యము రోగిని శాశ్వతముగా నడవలేనివానిని చేయగలదు.

ఎచ్చటికి పోవలెను?

మెదక్ ప్రాంతమువారు ముందుగా మెదక్ పట్టణమునందలి ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించి, వైద్యుడు చెప్పినచో హైదరాబాదు రెడ్ హిల్స్ నందలి ఎం.ఎన్.జె. కాన్సరు ఆసుపత్రికి పోవచ్చును. 1955లో స్థాపితమై, మెహదీ నవాజ్ జంగ్ పేరిట వెలసిన ఈ ప్రభుత్వ సంస్థలో నొప్పి నివారణకు ప్రత్యేక సేవలు కలవు. దూరము సుమారు నూరు కిలోమీటర్లు. బస్సులకు తోడు, 2022 సెప్టెంబరులో అక్కన్నపేట, మెదక్ రైలుమార్గము ప్రారంభమైనది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకమున కాన్సరు చికిత్సయు చేరియున్నది; 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వము దాని పరిమితిని కుటుంబమునకు 10 లక్షల రూపాయలకు పెంచినది.

ఇంటివారి ధర్మము, పంచాయతీ బాధ్యత

వ్యాధి పేరును రోగికి చెప్పక దాచుట మన ఇండ్లలో వాడుక. కాని పొలము పంపకము, బాకీల పరిష్కారము, చూడగోరిన బిడ్డలను పిలిపించుకొనుట అను పనులు ఆయనకు మిగిలియుండవచ్చును. ఆయన ఎంత తెలిసికొనగోరునో అడిగి, అంతయు మృదువుగా తెలుపుట మేలు.

కాన్సరు అంటువ్యాధి కాదు. వేరు కంచము, వేరు గది పెట్టి తండ్రిని ఒంటరిని చేయరాదు. రేయింబవళ్లు సేవచేయు భార్యకో, కోడలికో విశ్రాంతి కల్పించుట ఇరుగుపొరుగువారి పని. వార్డు సభ్యులు ఆశా కార్యకర్తతో కలిసి అట్టి ఇంటిని చూచి, ఆరోగ్యశ్రీ పత్రములు, పింఛను దరఖాస్తు, ఆసుపత్రికి తోడుపోవు మనిషి, వాహనము వీనిని సమకూర్పవలెను. మూత్రపు ఇబ్బంది సిగ్గుపడవలసినది కాదని గ్రామసభలో పెద్దలకు చెప్పవలెను. ఆ మాట విని ఒక వృద్ధుడు సకాలమున వైద్యుని చూచినను, ఆ గ్రామసభ సార్థకమైనట్లే.