చెవి చెప్పే సాక్ష్యం

పిల్లలూ! కొల్లేటిలో పడవ మీద కూర్చుని మీరెంత గట్టిగా మాట్లాడుకున్నా, నీళ్లలోని చేపకు వినపడేది చాలా తక్కువ. గాలిలో వచ్చిన శబ్దం నీటికి తగిలితే, అందులో సుమారు వెయ్యో వంతు మాత్రమే లోపలికి పోతుంది. తక్కినదంతా వెనక్కు మళ్లుతుంది.

మన చెవికీ ఈ చిక్కే ఉన్నది. శబ్దాన్ని గ్రహించే లోపలి చెవి నిండా నీరు వంటి ద్రవం ఉంటుంది. గాలిలోని శబ్దాన్ని ఆ ద్రవానికి అందించటమే మధ్య చెవి పని. కర్ణభేరి అదిరితే దాని వెనుక సుత్తి, దాగలి, అంకవన్నె అనే మూడు చిన్న ఎముకలు కదిలి, శబ్దపు ఒత్తిడిని పెంచి లోపలికి అందిస్తాయి. వీటిలో రౌతు కాలు మోపే అంకవన్నె ఆకారంలో ఉన్న ఎముక పొడవు సుమారు 3 మిల్లీమీటర్లే! దానికి ఒక బుల్లి కండరం అతుక్కుని ఉన్నది. తాడేపల్లిగూడెం స్టేషనులో మీ దగ్గరగా రైలు గట్టిగా కూత పెట్టిందనుకోండి. మీరు తలచుకోకుండానే ఆ కండరం బిగుసుకుని, ఎముకను వెనక్కు లాగి పట్టుకుంటుంది. ఒక్క చెవిలోనే మోత వినిపించినా రెండు చెవుల్లోనూ బిగుసుకుంటుంది.

డాక్టర్లు దీనినే పరీక్షకు వాడుకుంటారు. చెవిలో మెత్తని బిరడా పెట్టి, ఒక స్వరం వినిపిస్తూ, గాలి ఒత్తిడిని కొంచెం పెంచి తగ్గిస్తారు. తిరిగి వచ్చే శబ్దాన్ని యంత్రం కొలుస్తుంది. మధ్య చెవి బాగా ఉంటే గీత కొండ శిఖరంలా వస్తుంది. జలుబు చేసి అందులో నీరు చేరితే చదునుగా వస్తుంది. తరువాత పెద్ద శబ్దం వినిపిస్తారు. కండరం బిగుసుకుంటే యంత్రం పసికడుతుంది. బిగుసుకోకపోతే లోపం మధ్య చెవిలోనా, నరంలోనా అని మరికొన్ని పరీక్షలతో తేలుస్తారు.

పిల్లవాడు "వినిపించింది" అని చెప్పనక్కరలేదు, చెవే చెబుతుంది! 1978లో లండనులో డేవిడ్ కెంప్ అనే శాస్త్రజ్ఞుడు ఇంకొక వింత ప్రకటించాడు: శబ్దం విన్న లోపలి చెవి తానూ సన్నని శబ్దం చేస్తుంది. దానిని పట్టి, నిద్రపోయే పసిపాప చెవులను కూడా ఇప్పుడు పరీక్షిస్తున్నారు. నరం మెదడుకు పంపే సంకేతాలను కొలిచే బెరా పరీక్ష కూడా పాప నిద్రలోనే చేస్తారు.

తల్లిదండ్రులారా, "మాటలు ఆలస్యంగా వస్తాయిలే" అని ఊరుకోవద్దు. మొదటి నెలలో పరీక్ష, మూడో నెలలోపు నిర్ణయం, ఆరో నెలలోపు సహాయం — ఇది వైద్యులు చెప్పే లెక్క. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టు చెవుడును కూడా చేర్చారు. వినని పసివాడికి మాట నేర్చే వయసు ఊరికే గడిచిపోతుంది.

పిల్లలూ, వెనుక బెంచీలో పిలిచినా పలకని స్నేహితుడు ఉంటే మొద్దు అని నవ్వకండి. మేష్టారికి చెప్పండి. ముందు అతని చెవి ఏమంటున్నదో విందాం.