గోమార్లు మోసుకొనివచ్చు జ్వరము

కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతముల రైతులు గోమార్లను చూచి చూచి లెక్కచేయుట మానిరి. రక్తము పీల్చుటతోనే వీని అపకారము ముగిసినచో అంత భయము లేదు. కాని గోమారు ఒంటిలో కంటికి కనబడని మరియొక జీవి ఉండవచ్చును.

పశువు జ్వరముతో కాఫీరంగు మూత్రము పోసినచో బెబీసియాను అనుమానింపవలెను. ఇది తల్లి గోమారు నుండి గ్రుడ్లలోనికి దిగును. పుట్టిన పిల్లయు రోగమును మోయును. గోమార్లే దీనిని అంటించునని 1893లో అమెరికాలో స్మిత్, కిల్బోర్న్ అను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి.

థైలేరియా గ్రుడ్లకు పోదు. రోగమున్న పశువు రక్తము త్రాగిన పిల్ల గోమారు రాలిపడి, కుబుసము విడిచి, ఇంకొక పశువును పట్టినప్పుడు అంటించును. అదియు పట్టిన వెంటనే కాదు. దాని లాలాజల గ్రంథులలో పరాన్నజీవి పక్వమగుటకు రెండు మూడు దినములు పట్టును. కనుక ప్రతిదినము చెవులలో, పొదుగువద్ద, తోకక్రింద వెదకి తీసివేయుట వృథా కాదు. తీసినవాటిని నేలపై పారవేయక కాల్చవలెను.

నాటు పశువు చాలవరకు తట్టుకొనును. అప్పుచేసి కొన్న సంకరజాతి ఆవే చచ్చును. జ్వరము 105 డిగ్రీలు దాటి, భుజము ముందరి గ్రంథి ఉబ్బినచో ఆనాడే పశువైద్యునిచే చెవిరక్తము పరీక్ష చేయింపవలెను. బుపర్వాకోన్ సూది తొలిదినములలోనే బాగుగా పనిచేయును. కండ్లు తెల్లబడిన పిమ్మట ఆశ తక్కువ.

ఈ గోమారు కొట్టపు మట్టిగోడల పగుళ్ళలో దాగి గ్రుడ్లు పెట్టును. పశువుకు మందు పూసి గోడను మరచుట సగము పనియే. పగుళ్ళు మెత్తి సున్నము వేయవలెను. పత్తిచేనికి చల్లగా మిగిలిన మందును మాత్రము పశువుపై పోయరాదు. నాకినచో ప్రాణము పోవును.