నిలవ ఉంటే విలువ తగ్గే నోట్లు: వోర్గ్ల్ పట్టణ కథ

ఆస్ట్రియాలో టిరోల్ ప్రాంతంలో, ఇన్ నది లోయలో ఉన్న చిన్న పట్టణం వోర్గ్ల్. చుట్టూ ఆల్ప్స్ కొండలు, పచ్చిక బయళ్లు, పాడి పశువుల పల్లెలు. 1858లో రైలు వచ్చింది. 1875లో మరో మార్గం కలవడంతో ఊరు జంక్షన్ అయింది, రైల్వే పనివాళ్లూ ఫ్యాక్టరీలూ వచ్చి చేరాయి.

1930ల మాంద్యం ఆ బతుకును తలకిందులు చేసింది. ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, పన్నులు వసూలు కాక పురపాలక ఖజానా అడుగంటింది. అప్పటి మేయర్ మిఖాయెల్ ఉంటర్‌గుగ్గెన్‌బెర్గర్ రైల్వే ఉద్యోగి. చేతిలో డబ్బున్నవాళ్లు దాన్ని దాచుకోవడమే అసలు రోగమన్న ఆర్థికవేత్త సిల్వియో గెజెల్ సిద్ధాంతం ఆయన మనసుకు పట్టింది. 1932 జులై ఆఖరున పురపాలక సంఘం సొంతంగా 1, 5, 10 షిల్లింగుల 'పని చీటీలు' జారీ చేసింది. వాటికి సరిపడా అసలు షిల్లింగులను బ్యాంకులో జమ చేసింది. ప్రతి నెలా చీటీ విలువలో ఒక శాతం పెట్టి స్టాంపు కొని అంటిస్తేనే అది పూర్తి విలువకు చెల్లేది. పది షిల్లింగుల చీటీని ఏడాది దాచుకుంటే 1.20 షిల్లింగులు పోయేవన్నమాట. అందుకే చీటీ ఎవరి చేతిలోనూ ఆగలేదు. కూలి తీసుకున్నవాడు సరుకులు కొన్నాడు, దుకాణదారు దానితోనే పన్ను కట్టాడు. పాత బకాయిలు తీరడమే కాదు, కొందరు పన్ను ముందే చెల్లించారు. ఆ రాబడితో వీధులు బాగుపడ్డాయి, వంతెన లేచింది, మంచుమీద స్కీ ఆటగాళ్లు దూకే వేదిక కూడా తయారైంది. పనిలేనివాళ్లకు కూలి దొరికింది.

ఈ పద్ధతిని అనుసరించాలని మరికొన్ని ఊళ్లు ముందుకు రావడంతో ఆస్ట్రియా కేంద్ర బ్యాంకు కన్నెర్ర చేసింది. నోట్లు జారీ చేసే హక్కు తనదొక్కదానిదే అంది. 1933 సెప్టెంబరులో చీటీలు ఆగిపోయాయి. మేయర్ 1936లో కన్నుమూశారు.

ఒక్క ఊళ్లో ఏడాది పాటు సాగిన ప్రయత్నంతో దేశపు మాంద్యం తీరేదని చెప్పలేం. పొరుగున లావాదేవీలు చాలావరకు మామూలు డబ్బుతోనే నడిచాయి కూడా. కానీ చీటీ చెల్లింది స్టాంపు బలంతో మాత్రమే కాదు. పురపాలక సంఘం దాన్ని పన్ను కింద తీసుకుంటుందన్న నమ్మకమే దానికి అసలు విలువ.