ఆ అంకెకు జత ఏది?
2024 ఓట్లు, ఆటలు, సినిమాలు, టీవీ: ఒక లెక్కల పరామర్శ

తెలంగాణలో 39.40 శాతం ఓట్లు తెచ్చుకున్న కాంగ్రెస్ 2023 డిసెంబరులో 64 సీట్లు గెలిచి అధికారంలోకి వచ్చింది. ఆరు నెలలు తిరిగేసరికి ఆంధ్రప్రదేశ్‌లో 39.37 శాతం ఓట్లు తెచ్చుకున్న వైఎస్సార్‌సీపీ 11 సీట్ల దగ్గరే ఆగిపోయింది. అదే ఆంధ్రప్రదేశ్‌లో 2019లో తెలుగుదేశానికి 39.17 శాతం ఓట్లు పడితే చేతికొచ్చినవి 23 సీట్లు. మూడు చోట్లా ఓట్ల వాటా దాదాపు ఒకటే. ఒకరికి ముఖ్యమంత్రి పీఠం దక్కింది, మిగతా ఇద్దరూ చిత్తుగా ఓడారు.

2024 అంతా అంకెల జాతరే. లోక్‌సభ ఎన్నికలు, ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎన్నికలు, టీ20 ప్రపంచకప్, పారిస్ ఒలింపిక్స్, వెయ్యి కోట్ల సినిమాలు ఊపిరి సలపనివ్వకుండా వచ్చిపడ్డాయి. ఆ ఏడాదిని ఇప్పుడు నెమరేసుకుంటుంటే నాకు గట్టిగా అనిపించేది ఒక్కటే. మన ముందుకొచ్చే ప్రతి పెద్ద అంకెకూ ఒక జత ఉంటుంది. సీట్లకు ఓట్లు జత, వసూళ్లకు టికెట్లు జత, రేటింగుకు మీటర్లు జత. ఆ రెండోది చెప్పకుండా మొదటిది మాత్రమే చెప్పేవాళ్లు మనకు సగం సంగతే చెబుతున్నారు.

164 సీట్లు, 55 శాతం ఓట్లు

2024 జూన్ 4న ఆంధ్రప్రదేశ్ ఫలితాలు వచ్చాయి. 175 స్థానాల్లో కూటమికి 164 దక్కాయి. తెలుగుదేశానికి 135, జనసేనకు 21, బీజేపీకి 8. జనసేన పోటీ చేసిన 21 చోట్లా గెలిచింది. ఓట్ల వాటా చూస్తే తెలుగుదేశానికి 45.60, జనసేనకు 6.85, బీజేపీకి 2.83. మూడూ కలిపితే 55.28 శాతం. అంటే 55 శాతం ఓట్లకు 94 శాతం సీట్లు.

ఇందులో మాయేమీ లేదు. మన పద్ధతిలో ఒక నియోజకవర్గంలో ఎవరికి ఒక్క ఓటు ఎక్కువ వస్తే సీటు వారిదే, రెండో స్థానంలో ఉన్నవారి ఓట్లకు అక్కడితో విలువ సరి. వైఎస్సార్‌సీపీకి పడిన 39 శాతం ఓట్లు రాష్ట్రమంతా ఇంచుమించు సమంగా పరుచుకున్నాయి. ఎదుట ముగ్గురు ఒక్కటై నిలబడ్డారు. అందుకే ప్రతిచోటా గట్టి రెండో స్థానం, కొద్ది చోట్ల మాత్రమే మొదటి స్థానం. తెలంగాణలో కాంగ్రెస్‌కు ఎదురుగా ఉన్న ఓట్లు బీఆర్‌ఎస్, బీజేపీల మధ్య చీలాయి. అక్కడ బీఆర్‌ఎస్‌కు 37.35 శాతం వచ్చినా 39 సీట్లే దక్కాయి. రెండు శాతం తేడా పాతిక సీట్లయింది. అవతలి ఓటు ఒకచోట పోగుపడిందా, ముక్కలైందా అన్నదే ఈ మూడు 39ల కథ.

లోక్‌సభ లెక్కా ఇలాంటిదే. 2019తో పోలిస్తే బీజేపీ ఓట్ల వాటా ఒక శాతం కూడా తగ్గలేదు. ఈసారి 36.56 శాతం వచ్చింది. సీట్లు మాత్రం 303 నుంచి 240కి పడ్డాయి. మెజారిటీకి కావలసినవి 272. అందువల్లే తెలుగుదేశం గెలిచిన 16 ఎంపీ సీట్లకు ఒక్కసారిగా అంత విలువ వచ్చింది.

అయితే ప్రతి ఓటమినీ ఈ పద్ధతి ఖాతాలో వేయలేం. అదే లోక్‌సభ ఎన్నికల్లో బీఆర్‌ఎస్ తెలంగాణలో ఒక్క సీటూ గెలవలేదు. దాని ఓట్ల వాటా 16.68 శాతానికి జారిపోయింది. ఇక్కడ ఓటే తరలిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో ఓడిన పార్టీకి 39 శాతం మంది ఇంకా మిగిలి ఉన్నారు. సీట్లు మాత్రమే చూస్తే 11, 0 రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఓట్లు చూస్తేనే రెండు వేర్వేరు రాజకీయాలు కనిపిస్తాయి. గెలిచినవారు కూడా గుర్తుంచుకోవలసిన సంగతి ఇది. 164 మంది ఎదురుగా కూర్చున్నది 11 మందే అయినా, వారి వెనక ఉన్నది ప్రతి ఐదుగురు ఓటర్లలో దాదాపు ఇద్దరు.

30 బంతులు, 30 పరుగులు

జూన్ 29, బార్బడోస్‌లోని బ్రిడ్జ్‌టౌన్. టీ20 ప్రపంచకప్ ఫైనల్లో భారత్ 7 వికెట్లకు 176 చేసింది, అందులో కోహ్లీవి 59 బంతుల్లో 76. దక్షిణాఫ్రికా ఛేదనలో 15వ ఓవర్ అక్షర్ పటేల్ వేశాడు. క్లాసెన్ చితక్కొట్టడంతో ఆ ఒక్క ఓవర్లోనే 24 పరుగులొచ్చాయి. స్కోరు 147. ఇంకా 30 బంతులున్నాయి, కావలసినవి 30 పరుగులు, చేతిలో ఆరు వికెట్లు. టీ20లో ఇంతకంటే తేలికైన లెక్క అరుదు.

తర్వాతి ఐదు ఓవర్లను ఒక్కొక్కటిగా చూడండి. 16వ ఓవర్ బుమ్రా, 4 పరుగులు. 17వ ఓవర్ హార్దిక్, తొలి బంతికే క్లాసెన్ ఔట్, 4 పరుగులు. 18వ ఓవర్ మళ్లీ బుమ్రా, 2 పరుగులు, యాన్సెన్ వికెట్. 19వ ఓవర్ అర్ష్‌దీప్, 4 పరుగులు. ఆఖరి ఓవర్లో 16 కావాలి. హార్దిక్ వేసిన మొదటి బంతిని మిల్లర్ గాల్లోకి లేపితే, బౌండరీ తాడు దగ్గర సూర్యకుమార్ బంతిని లోపలికి ఎగరేసి, తాను తాడు దాటి మళ్లీ లోపలికొచ్చి పట్టుకున్నాడు. ఆ ఓవర్లో వచ్చినవి 8. మొత్తం 169, భారత్ గెలుపు 7 పరుగులతో.

ఆరు బంతుల్లో 24 ఇచ్చిన జట్టే తర్వాతి ముప్పై బంతుల్లో 22 మాత్రమే ఇచ్చింది. స్కోరుబోర్డు మీద మిగిలేది 7 పరుగుల తేడా. ఆట ఎక్కడ మలుపు తిరిగిందో చెప్పేది మాత్రం 24, 22 అనే జంటే. టోర్నీ మొత్తంలో బుమ్రా 15 వికెట్లు తీశాడు. ఆ పట్టికలో అతనికంటే ముందు అర్ష్‌దీప్ ఉన్నాడు. అయినా టోర్నీ ఉత్తమ ఆటగాడి బహుమతి బుమ్రాకే ఇచ్చారంటే, వికెట్లకు జతగా ఓవర్‌కు 4.17 పరుగులు అనే అంకె ఉండబట్టే.

మన హైదరాబాద్ జట్టు ఐపీఎల్ కథా మరిచిపోలేను. 2024 ఏప్రిల్‌లో బెంగళూరు మీద 287 కొట్టి లీగ్ చరిత్రలో అత్యధిక స్కోరు నమోదు చేసిన సన్‌రైజర్సే, మే 26న ఫైనల్లో 113కు ఆలౌటయింది. ఆ 287ను పోస్టర్ల మీద వేసుకుని పొంగిపోయినవాళ్లకు సీజన్ సగమే గుర్తుంది.

199 కిలోలు, 200 కిలోలు

పారిస్ ఒలింపిక్స్‌కు 117 మంది వెళ్లి ఆరు పతకాలతో తిరిగొచ్చారు. ఒక రజతం, ఐదు కాంస్యాలు. పతకాల పట్టికలో 71వ స్థానం. ఒకే ఒక్క పతకం గెలిచిన పాకిస్తాన్ 62వ స్థానంలో నిలిచింది. పట్టిక ముందు స్వర్ణాలనే లెక్కిస్తుంది మరి. అర్షద్ నదీమ్ ఈటె 92.97 మీటర్లు వెళ్లింది, నీరజ్ చోప్రాది 89.45. ఆ తేడా రెండు దేశాల స్థానాలను తారుమారు చేసింది.

ఆరు పతకాలకు జతగా నేను పెట్టుకునే అంకె మరో ఆరు. ఆరు పోటీల్లో మనవాళ్లు నాలుగో స్థానంలో ఆగిపోయారు. వెయిట్‌లిఫ్టింగ్‌లో మీరాబాయి చాను, కాంస్యం గెలిచిన థాయ్‌లాండ్ అమ్మాయి ఇద్దరూ స్నాచ్‌లో 88 కిలోలే ఎత్తారు. క్లీన్ అండ్ జెర్క్‌లో ఆమె 112 ఎత్తింది, మీరాబాయి 111. మొత్తం 200కు 199. ఒక్క కిలో. స్కీట్ షూటింగ్ మిశ్రమ విభాగంలో మహేశ్వరి, అనంత్‌జీత్ జోడీ చైనా చేతిలో 43-44తో కాంస్యం పోగొట్టుకుంది. అక్కడా ఒక్కటే. విజయవాడ విలుకాడు బొమ్మదేవర ధీరజ్, అంకిత కలిసి ఒలింపిక్ ఆర్చరీ సెమీఫైనల్ చేరిన తొలి భారతీయ జోడీ అయ్యారు. వారిదీ నాలుగో స్థానమే. ఈ ఆరు నాలుగో స్థానాలూ పతకాల పట్టికలో ఎక్కడా కనిపించవు. వచ్చేసారి డబ్బు, కోచ్‌లు, శిక్షణ ఎక్కడ పెట్టాలో చెప్పే పట్టిక మాత్రం వాటిదే.

నెల తిరక్కుండానే అదే పారిస్‌లో పారాలింపిక్స్ జరిగాయి. వెళ్లినవారు 84 మంది, పతకాలు 29, అందులో ఏడు స్వర్ణాలు. ముగ్గురిలో ఒకరికి పైగా పతకం. వరంగల్ జిల్లా కల్లెడ బిడ్డ జీవంజి దీప్తి 400 మీటర్లను 55.82 సెకన్లలో పరుగెత్తి కాంస్యం గెలిచింది. మన పత్రికలు ఒలింపిక్స్‌కు ఇచ్చిన పేజీల్లో సగమైనా ఈ 29 పతకాలకు ఇచ్చి ఉండాల్సింది.

చదరంగం వాళ్ల అలవాటు నాకు నచ్చుతుంది. వాళ్లు జత లేకుండా అంకె చెప్పరు. బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో ఓపెన్ విభాగంలో భారత జట్టుకు 22కు 21 పాయింట్లు. ఆ జట్టులో మన వరంగల్ కుర్రాడు అర్జున్ ఇరిగేశి 11కు 10 తెచ్చాడు. డిసెంబరు 12న గుకేశ్ 7.5-6.5తో ప్రపంచ విజేత అయ్యాడు. నెలాఖరుకు న్యూయార్క్‌లో కోనేరు హంపి 11కు 8.5తో ర్యాపిడ్ కిరీటం గెలిచింది. ఎంతకు ఎంత అన్నది స్కోరులోనే ఉంటుంది, ఇంకెవరినీ అడగనక్కర్లేదు.

295 రూపాయలు, 1,239 రూపాయలు

చదరంగంలో కనిపించే ఆ స్పష్టత సినిమా వసూళ్లలో మచ్చుకైనా కనిపించదు. పూర్వం వంద రోజులు ఎన్ని కేంద్రాల్లో ఆడిందో పోస్టర్ మీద వేసేవారు. ఇప్పుడు గ్రాస్ వేస్తున్నారు. గ్రాస్ అంటే ప్రేక్షకుడి జేబులోంచి వచ్చిన మొత్తం. తెలంగాణ మల్టీప్లెక్స్‌లో 2024లో మామూలు సీటుకు సాధారణ గరిష్ఠ ధర 295 రూపాయలు. అందులో 250 అసలు ధర, 45 జీఎస్టీ. ఆ 250నే నెట్ అంటారు. దాంట్లోంచి థియేటర్ వాటా పోగా డిస్ట్రిబ్యూటర్‌కు మిగిలేది షేర్. సగం సగం పంచుకున్నారనుకుంటే 125. అంటే 295 గ్రాస్‌లో సినిమా వైపు చేరేది 125. వెయ్యి కోట్లు అని పోస్టర్ పడగానే నిర్మాత ఇంటికి వెయ్యి కోట్లు వెళ్లాయనుకోవడం పొరపాటు.

ఇంకో చిక్కుంది. ‘పుష్ప 2’కు డిసెంబరు 4 రాత్రి ప్రీమియర్‌కు తెలంగాణ ప్రభుత్వం టికెట్ మీద 800 పెంచుకోనిచ్చింది. పన్ను కలిపితే మల్టీప్లెక్స్‌లో 1,239 రూపాయలు. వంద కోట్ల గ్రాస్ రావాలంటే 295 ధరకు దాదాపు 34 లక్షల టికెట్లు తెగాలి, 1,239 ధరకు ఎనిమిది లక్షలు చాలు. ఆ రెండు వంద కోట్లూ ఒకటెలా అవుతాయి? పదేళ్ల కిందటి సినిమాతో ఇప్పటి సినిమాను వసూళ్లలో పోల్చి రికార్డు అనడం అందుకే అర్థం లేని పని. ఎంతమంది చూశారన్నది చెప్పండి, అప్పుడు పోలుద్దాం.

చెప్పడం కష్టమేమీ కాదని అదే ఏడాది సంక్రాంతికి ‘హనుమాన్’ చూపించింది. టికెట్‌కు ఐదు రూపాయల చొప్పున అయోధ్య రామాలయానికి ఇస్తామన్నారు. జనవరి 22 ప్రాణప్రతిష్ఠకు ముందు లెక్క బయటపెట్టారు: 53,28,211 టికెట్లు, 2,66,41,055 రూపాయలు. ఐదుతో గుణించి చూసుకోండి, పైసా తేడా రాదు. ఆ ఏడాది నేను చూసిన వసూళ్ల ప్రకటనల్లో మనంతట మనం సరిచూసుకోగలిగింది ఇదే.

‘పుష్ప 2’ ప్రీమియర్ రాత్రి హైదరాబాద్ ఆర్‌టీసీ క్రాస్‌రోడ్స్‌లో తొక్కిసలాట జరిగి ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు ప్రాణాల మీదికి వచ్చింది. తొలి రోజు అంకె కోసం పరుగులు పెట్టించే వ్యాపారం మనుషుల్ని ఒకేచోటికి, ఒకే గంటకు తోసుకొస్తుంది. టికెట్ల లెక్కతో పాటు ఆ గుమికూడిన జనం లెక్క కూడా ముందే ఎవరో ఒకరు చూడాలి.

58,000 మీటర్లు, 23 కోట్ల ఇళ్లు

టీవీలో ఏది నంబర్ వన్ అన్నది తేల్చేది బార్క్ సంస్థ. 2025లో కేంద్ర సమాచార ప్రసార శాఖ చెప్పిన లెక్క ప్రకారం దేశంలో టీవీ ఉన్న ఇళ్లు సుమారు 23 కోట్లు, ఏ ఛానల్ చూస్తున్నారో నమోదు చేసే మీటర్లు 58,000. దాదాపు నాలుగు వేల ఇళ్లకు ఒక మీటరు. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తే తెలుస్తుంది కాబట్టి, నమూనా తీయడం తప్పు కాదు. దేశమంతా చూసే ధారావాహికకు ఇది సరిపోతుంది. రాత్రి తొమ్మిదింటికి రెండు తెలుగు వార్తా ఛానళ్ల మధ్య తేడా దగ్గరికొచ్చేసరికి లెక్కలోకొచ్చే ఇళ్లు బాగా తగ్గిపోతాయి, నాలుగైదు ఇళ్లు ఛానల్ మార్చినా మొదటి స్థానం మారిపోవచ్చు. 2020 అక్టోబరులో వార్తా ఛానళ్ల రేటింగులు ఆపేసి, 2022 మార్చిలో తిరిగి మొదలుపెట్టినప్పుడు నాలుగు వారాల సగటు ఇవ్వడానికి కారణం ఇలాంటి ఒడుదొడుకులే.

ఫోన్లలో చూసేవారి లెక్క ఇంకో తీరు. టీ20 ఫైనల్‌ను హాట్‌స్టార్‌లో ఒకే క్షణంలో అత్యధికంగా 5.3 కోట్ల మంది చూశారన్నారు. 2023 నవంబరులో మనం ఓడిన వన్డే ఫైనల్‌కు అది 5.9 కోట్లు. ఇది శిఖరం లెక్క, టీవీ రేటింగు (టీఆర్‌పీ) సగటు లెక్క. రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

ఎగ్జిట్ పోల్స్ సంగతి అందరికీ గుర్తే. జూన్ 1 సాయంత్రం చాలా ఛానళ్లు ఎన్డీయేను 350 దాటించాయి, వచ్చినవి 293. ఓట్ల వాటాలో చిన్న పొరపాటు సీట్లలోకి మారేసరికి ఎంత పెద్దదవుతుందో పైన మూడు 39ల దగ్గరే చూశాం. తెర మీద సీట్ల పక్కనే ఎంతమందిని అడిగారు, ఎంత అటూ ఇటూ కావచ్చు అన్నది అంతే పెద్ద అక్షరాల్లో వేయాలి.

ఎన్నికల సంఘం ఓట్లూ సీట్లూ రెండూ చెబుతుంది, క్రికెట్ ప్రతి బంతినీ చెబుతుంది. నిర్మాతలు టికెట్ల సంఖ్య చెప్పాలి, ఛానళ్లు రేటింగుతో పాటు మీటర్ల సంఖ్య చెప్పాలి, మన క్రీడా సంఘాలు పతకాలతో పాటు నాలుగో స్థానాల జాబితా ప్రకటించాలి. ఇవన్నీ వాళ్ల దగ్గర ఉన్న లెక్కలే. అడిగేవాళ్లు ఎక్కువైతే అవి బయటికొస్తాయి. కాబట్టి ఇకమీదట ఎవరైనా ఒక పెద్ద అంకె చూపించి చప్పట్లు కొట్టమంటే, ముందు రెండోది అడుగుదాం.