ఆఫీసు ఇచ్చిన భరోసా.. ఇంట్లో తెలుసా?

అర్ధరాత్రి. ఛాతీలో నొప్పి అంటున్న భర్తను ఆస్పత్రికి తీసుకొచ్చిందో ఇల్లాలు. కౌంటర్‌లో మొదటి ప్రశ్న: ‘ఇన్సూరెన్స్‌ ఉందామ్మా?’ ‘కంపెనీ వాళ్లు ఏదో ఇచ్చారండీ. కార్డు ఆయన ఫోన్‌లో ఉంది’. ఫోన్‌కేమో లాక్‌. ఆయనేమో ఎమర్జెన్సీ వార్డులో!

ఈ అవస్థ ఏ ఇంట్లోనైనా ఎదురుకావచ్చు. ఉద్యోగితో వచ్చే ప్రయోజనాల వివరాలు ఆఫీసు మెయిల్‌కు వస్తాయి, అదీ ఇంగ్లిష్‌లో. చాలాసార్లు అక్కడే ఆగిపోతాయి. అవసరం పడేది మాత్రం ఇంట్లో వాళ్లకే.

గ్రూపు బీమాలో ఏం చూడాలి?

‘అయిదు లక్షల పాలసీ ఉంది’ అనుకుంటే సరిపోదు. అమ్మానాన్నలకూ వర్తిస్తుందా? గది అద్దెకు పరిమితి ఎంత? ఈ రెండూ ముందే తెలుసుకోవాలి. పరిమితి రోజుకు రూ.5 వేలు ఉంటే, రూ.10 వేల గది తీసుకున్నారనుకోండి. చాలా పాలసీల్లో అద్దె తేడాతో పాటు డాక్టర్‌ ఫీజు, ఆపరేషన్‌ ఛార్జీల్లోనూ సగం కోత పడుతుంది. కొత్తగా పెళ్లయినా, బిడ్డ పుట్టినా గడువులోగా పేరు చేర్పించాలి. ఉద్యోగం మానేస్తే ఈ రక్షణ ఆగిపోతుంది. కాబట్టి సొంతంగా ఒక పాలసీ ఉండటం మేలు.

పీఎఫ్‌ అంటే పొదుపే కాదు

మూలవేతనం, డీఏలపై ఉద్యోగి వాటా 12 శాతం. కంపెనీ కూడా అంతే జమ చేస్తుంది. అందులో కొంత పింఛనుకు వెళ్తుంది. దీంతో పాటు ఈడీఎల్‌ఐ అనే బీమా ఉంది. సర్వీసులో ఉండగా ఉద్యోగి మరణిస్తే కుటుంబానికి గరిష్ఠంగా రూ.7 లక్షల వరకు వస్తుంది. దీనికి ఉద్యోగి జీతంలోంచి రూపాయి కూడా కట్‌ కాదు. అందుకే చాలామందికి ఇది ఉన్నట్టే తెలియదు. పెళ్లయ్యాక పీఎఫ్‌ నామినేషన్‌ కొత్తగా ఇచ్చారో లేదో ఇవాళే చూసుకోండి. ఈపీఎఫ్‌ఓ వెబ్‌సైట్‌లో ఆధార్‌తో చేసుకోవచ్చు.

ఈఎస్‌ఐ ఉంటే..

నెల జీతం రూ.21 వేల లోపు ఉన్నవారికి వర్తించే పథకమిది. కుటుంబానికి వైద్యంతో పాటు, జబ్బుచేసి సెలవు పెడితే ఏడాదికి 91 రోజుల వరకు జీతంలో 70 శాతం అందుతుంది.

మనసుకూ సాయం

కొన్ని కంపెనీలు ఉచిత కౌన్సెలింగ్‌, ఏటా హెల్త్‌ చెకప్‌ ఇస్తున్నాయి. ‘మేనేజర్‌కు తెలిసిపోతుందేమో’ అన్న భయంతో కౌన్సెలింగ్‌ జోలికి వెళ్లరు చాలామంది. వివరాలు ఎవరికి వెళ్తాయో హెచ్‌ఆర్‌ను ముందే అడగండి. కంపెనీలు కూడా ఈ మాట స్పష్టంగా, వీలైతే తెలుగులో ఒక్క పేజీలో చెప్పాలి. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ, మహిళలకు ఉద్యోగంలో చేరేటప్పుడే ఆ ప్రయోజనాలను రాతపూర్వకంగా తెలపాలని చెప్పింది. మిగతావాటికీ అదే పద్ధతి పాటిస్తే ఎన్నో ఇళ్లకు మేలు.

ఒక్క కాగితం చాలు

ఈ ఆదివారం భార్యాభర్తలిద్దరూ కూర్చుని ఇవి రాసుకోండి:

• బీమా కార్డు నంబరు, టీపీఏ హెల్ప్‌లైన్‌
• దగ్గర్లో క్యాష్‌లెస్‌ సదుపాయమున్న రెండు ఆస్పత్రులు
• పీఎఫ్‌ యూఏఎన్‌ నంబరు, నామినీ పేరు
• హెచ్‌ఆర్‌లో ఒకరి ఫోన్‌ నంబరు

ఒక కాపీ బీరువాలో పెట్టండి. కార్డు ఫొటో ఇద్దరి ఫోన్లలోనూ ఉంచండి. ఆస్పత్రి కౌంటర్‌లో ఆ ప్రశ్న ఎదురైనప్పుడు తడుముకోవాల్సిన పని ఉండదు.